కాల్ కలవగానే పాట పాడైపోతోందా? నా అనుభవం

నేనూ, ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒక స్నేహితురాలూ కాల్‌లో ఉంటూనే ఒకే పాట వింటుంటాం. నా బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో శుభ్రంగా వినిపించే పాట, కాల్ కలవగానే పాత రేడియోలోంచి వచ్చినట్టు తయారయ్యేది.

నెట్ తప్పేం లేదు. హెడ్‌ఫోన్స్ మైక్ ఆన్ అయితే బ్లూటూత్ స్టీరియో వదిలేసి, మాటల కోసం చేసిన హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌లోకి మారుతుంది. చాలావాటిలో అది మోనో (రెండు చెవులకీ ఒకే శబ్దం), సాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 8 లేదా 16 కిలోహెర్ట్జ్. సీడీలో 44.1 ఉంటుంది మరి! వయొలిన్ మెరుపంతా పోతుంది.

సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ మైక్ పెట్టాను. కాలింగ్ యాప్‌లో మైక్ ఎంపిక విడిగా ఉంటే అక్కడా మార్చాలి, లేదంటే కథ మళ్ళీ మొదటికే. పాట వెంటనే తేరుకుంది. కాకపోతే ఇప్పుడు నా కీబోర్డ్ టకటకలు అవతలికి వినిపిస్తున్నాయట. టైప్ చేసేటప్పుడు మ్యూట్ నొక్కుతున్నాను.