రహదారి పక్క విశ్రాంతి స్థలంలో భారీ జంతువు బొమ్మను నిలబెట్టడం ఎలా?

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 28 మీటర్లు సాగిపోతుంది కనుక, 300 మీటర్ల దూరాన కంటపడిన బొమ్మను గుర్తుపట్టి, నవ్వుకుని, ఆగాలా వద్దా అని తేల్చుకోవడానికి ప్రయాణికుడికి దక్కేది సుమారు 11 సెకన్లే. అందువల్ల ముందుగా తేల్చుకోవలసింది జంతువు బయటి రూపురేఖ. దానిని నల్ల కాగితంలో కత్తిరించి, గోడకు అంటించి, దూరం నుంచి నలుగురికి చూపించాలి. వారు వెంటనే పేరు చెప్పలేకపోతే ఆ భంగిమను మార్చాలి. స్పెయిన్ రహదారుల పక్క గుట్టలపై నిలిచే ఆస్‌బోర్న్ ఎద్దు 14 మీటర్ల ఎత్తున్న వట్టి నల్లటి రేకు. మద్యం ప్రకటన కోసం 1956లో రూపొందిన ఆ బొమ్మపై అక్షరాలను తరువాత చెరిపివేసినా ఎద్దును గుర్తుపట్టనివారు లేరు.

వింతదనాన్ని ఒక్కచోటే చూపాలి. కప్ప చేతికి గొడుగు ఇస్తే చాలు. కళ్లజోడు, టోపీ కూడా తగిలిస్తే దూరానికి అది సామాను కుప్పలా కనిపిస్తుంది.

మట్టి నమూనాను అన్ని కొలతల్లోనూ పదింతలు చేస్తే ఘనపరిమాణం, దానితోపాటు బరువు వెయ్యి రెట్లు పెరుగుతాయి, ఆ బరువును మోసే కాళ్ల అడ్డుకోత వైశాల్యం మాత్రం వంద రెట్లే పెరుగుతుంది. నమూనాలో ముచ్చటగొలిపిన సన్నని కాళ్లు అసలు బొమ్మను మోయలేకపోవడానికి కారణం ఇదే. లోపల ఉక్కు చట్రం పెట్టి, శరీరాన్ని బోలుగా ఉంచి, వీలైతే జంతువును కూర్చోబెట్టాలి. కూర్చున్న జంతువు హాస్యానికీ బాగా ఒదుగుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది కాబట్టి, బొమ్మ ఒరిగిపోకుండా పునాది లెక్కను శిల్పికి వదలక, నిర్మాణ ఇంజనీరు చేత వేయించాలి.

పైపొరకు సిమెంటు గార, ఫైబర్‌గ్లాస్ రెండూ పనికివస్తాయి. అమెరికాలోని నార్త్ డకోటాలో రెండింటికీ ఉదాహరణలున్నాయి: జేమ్స్‌టౌన్‌లో 1959లో నిలిపిన అడవిదున్న కాంక్రీటుది, న్యూ సేలంలో 1974లో నిలిపిన 38 అడుగుల ఆవు ఫైబర్‌గ్లాస్‌ది. గార పద్ధతిలో చట్రానికి సన్నని ఇనుప వలను పొరలుగా బిగించి, రెండు మూడు సెంటీమీటర్ల మందాన గార పూసి, కనీసం వారం రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. వల ఎక్కడైనా బయటపడితే తుప్పుపట్టి, ఉబ్బి, గారను పగలగొడుతుంది. ఇటువంటి బొమ్మలకు అసలు శత్రువు నీరు. చెవుల గుంటల్లో, కొమ్ముల మొదళ్లలో అది నిలవకుండా వాలు ఇవ్వాలి. పొట్ట కింద రంధ్రాలు వదలాలి. మనిషి లోపలికి దూరి అతుకులను పరీక్షించడానికి ఒక తలుపు తప్పనిసరి. మెరిసే రంగు ఎండను డ్రైవర్ల కళ్లలోకి కొడుతుంది కనుక మెరుపులేని రంగే వేయాలి. పిడుగు కడ్డీని మరువరాదు.

ఫొటో తీసేవారు వెనక్కి చూడకుండా వెనక్కి నడుస్తారు. పది మీటర్ల బొమ్మ ఫోనులో పూర్తిగా పట్టడానికి సుమారు 15 మీటర్ల ఖాళీ కావాలి, ఆ స్థలంలోకి వాహనాలు రాకుండా అడ్డుకట్ట ఉండాలి. ఎక్కవద్దన్న పలకను పిల్లలు ఎటూ చదవరు. పెద్ద బొమ్మకు చేతికందే ఎత్తులో కాలు పెట్టే చోటు లేకుండా చేసి, పక్కనే ఎక్కడానికి ఒక పిల్ల జంతువును కట్టించడం మేలు.

చివరిగా, ఎత్తడానికి వీలైన కొక్కేలను చట్రంలోనే అమర్చి, నిర్మాణ పటాలను భద్రపరచాలి. ఆస్ట్రేలియాలోని గౌల్‌బర్న్‌లో 1985లో కట్టిన 15 మీటర్ల కాంక్రీటు గొర్రెను, ప్రధాన రహదారి ఊరి బయటకు మళ్లిన తరువాత, 2007లో కొత్త దారి దగ్గరకు తరలించవలసి వచ్చింది.