దీపావళి వానల్లో జీడిపప్పు, బాదం, వేరుశనగ: చెన్నై వంటింటికి జాగ్రత్తలు

చెన్నైలో ఏడాది మొత్తం కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఇళ్లలోకి జీడిపప్పు, బాదం, పిస్తా, అక్రూట్, వేరుశనగ గుళ్లు కేజీల లెక్కన వచ్చి చేరతాయి. దీపావళి మిఠాయిలు, కార్తీక మాసం ప్రసాదాలు, ఆ వెనకే క్రిస్మస్ కేకులు. షావుకారుపేటలో హోల్‌సేల్‌గా కొంటే చవక అని పండక్కి చాలా ముందే తెచ్చేసుకుంటాం. గాలిలో తేమ 70 శాతం దాటితే, తెరిచి ఉంచిన పప్పులు బూజు పట్టడానికి సరిపడా చెమ్మ మెల్లగా పీల్చుకుంటాయి. ఆ నెలల్లో ఈ ఊళ్లో తేమ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అందుకే వానలు మొదలవకముందే ఈ నాలుగు సంగతులు చూసుకోమని చెప్తున్నాను.

కొనేటప్పుడు

ఏ పప్పు ఎప్పుడు పంటకొస్తుందో తెలిస్తే బేరం సగం సులువు. మన జీడిపప్పు పంట ఫిబ్రవరి నుంచి మే వరకు. పలాసదైనా, పన్రుట్టిదైనా, అక్టోబరులో కొనే పప్పు కాయ నుంచి వచ్చి అప్పటికే నెలలు గడిచాయన్నమాట. కాబట్టి దాన్ని ఎలా నిలవ ఉంచారన్నదే ముఖ్యం. గోనెసంచిలో తెరిచి పెట్టినదాని కన్నా గాలి తీసి ప్యాక్ చేసినది నయం. అక్రూట్, బాదం కొత్త పంట సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో వస్తుంది. షాపువాడు పాతది ముందు అమ్మేయాలని చూడటం సహజమే, ప్యాకెట్ మీద తేదీ చదవాల్సింది మనం.

జీడిపప్పు మీద 240, 320 అని రాసి ఉండే అంకెలు ఒక పౌనుకు సుమారు ఎన్ని పప్పులు తూగుతాయో చెప్తాయి, అంతే. అంకె తక్కువైతే పప్పు పెద్దది, రుచిలో తేడా ఉండదు. కుర్మాకో కట్లీకో బద్దలు, ముక్కలు కొనుక్కోవచ్చు. కానీ ముక్కలకు గాలి ఎక్కువ తగులుతుంది కాబట్టి గుండు పప్పు కన్నా ముందే పాడవుతాయి. పండగ వారంలో వాడేసేటట్టయితేనే ముక్కలు కొనండి.

ఒక పప్పు విరిచి చూడండి. టక్కున విరగాలి. వంగినట్టు మెత్తగా ఉంటే చెమ్మ పట్టిందని అర్థం. అక్రూట్ వాసన చూడండి. పెయింట్ డబ్బా వాసన తగిలితే అందులోని నూనె పాడైపోయింది. నూరు గ్రాముల అక్రూట్‌లో 65 గ్రాముల దాకా కొవ్వే, అందులోనూ ఎక్కువ భాగం గాలికి త్వరగా పాడయ్యే రకం. అందుకే మిగతా అన్నిటికన్నా ముందు అదే చెడిపోతుంది. మిఠాయిల మీద చల్లే పిస్తా తరుగు మరీ ఆకుపచ్చగా, మరీ చవకగా ఉంటే అనుమానించండి. రంగు వేసిన వేరుశనగను పిస్తా పేరుతో అమ్మడం మన దేశంలో కొత్తేమీ కాదు. పిస్తా తరిగినదాన్ని కొనకుండా గుండుది కొని ఇంట్లోనే తరుక్కోండి.

ఊరి నుంచి వచ్చిన వేరుశనగ మూట

దీని గురించే ఎక్కువ చెప్పాలి. చిత్తూరు, అనంతపురం వైపు చుట్టాలున్న తెలుగువాళ్లు ఈ ఊళ్లో చాలామంది. వానాకాలం పంట పీకేది అక్టోబరు, నవంబరుల్లోనే. పిన్నిగారో పెదనాన్నగారో ప్రేమగా ఒక మూట కాయలు బస్సుకు వేసి పంపిస్తారు. ఆ ఏడాది అక్కడ పంట పీకే రోజుల్లో వాన పడి ఉంటే కాయ సరిగా ఎండి ఉండదు. దాన్ని తెచ్చి చెన్నైలో మంచం కింద పెడితే లోపలే బూజు మొదలవుతుంది.

ఆ బూజు మామూలుది కాకపోవచ్చు. ఆస్పర్‌జిల్లస్ అనే జాతి ఫంగస్ అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు వరసగా చచ్చిపోయాయి. కారణం వెతికితే, మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క దగ్గర తేలింది. అప్పుడే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. మనుషుల సంగతి అంతకన్నా బాధాకరం. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో వానకు తడిసిన మొక్కజొన్న తిని కామెర్లతో వందమందికి పైగా చనిపోయారు. ఆ మరణాల వెనక అఫ్లాటాక్సిన్ ఉందని మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్తే అది కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది.

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది. వేయిస్తే పోతుందిలే అనుకుంటారు. వేయిస్తే బూజు చస్తుంది, విషం మాత్రం వంటింటి వేడికి పూర్తిగా పోదు. కడిగినా, ఎండలో పెట్టినా అంతే. బూజు కనిపించిన గింజను గీకి వాడుకోకూడదు. చెమ్మ వాసన కొట్టే గింజలను పొడి చేసి కారంలో కలిపేయడం అసలు వద్దు.

మూట రాగానే విప్పి, ఒక కాయ చెవి దగ్గర ఊపండి. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. శబ్దం రాకపోతే అది ఇంకా పచ్చిగానే ఉంది. వెంటనే ఉప్పు వేసి ఉడకబెట్టుకుని తినేయండి, పక్కింటివాళ్లకూ పంచండి, నిలవ మాత్రం పెట్టకండి. ఎండిన కాయలను ఎండ కాసే రోజు చూసి మేడ మీద ఇంకోసారి ఆరబోసి, వలిచాక పళ్లెంలో పరిచి ఏరండి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి, పగుళ్లు పడినవి తీసి పారేయండి. ఈ విషం సాధారణంగా కొద్దిపాటి గింజల్లోనే పోగుపడి ఉంటుంది. అందుకే ఓపికగా చేతితో ఏరడం నిజంగా పనిచేస్తుంది. చూపుకు బాగున్న గింజలోనూ ఉండొచ్చన్నది నిజమే, అయినా ఏరితే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. నమిలినప్పుడు ఒక గింజ చేదుగా తగిలితే మింగకండి, ఉమ్మేయండి. పిల్లలకు కూడా ఈ అలవాటు నేర్పండి. పెద్దలు ఎదురుగా ఉన్నారని మొహమాటపడి మింగేస్తుంటారు.

చేదు బాదం సంగతి వేరు. అందులో అమిగ్డాలిన్ ఉంటుంది, నమిలితే అది సైనైడ్‌ను విడుదల చేస్తుంది. మామూలు బాదంలో ఎప్పుడైనా ఒక చేదు గింజ తగిలితే ఉమ్మేస్తే సరిపోతుంది. ప్యాకెట్‌లో చాలా గింజలు చేదుగా ఉంటే మొత్తం షాపుకు తిరిగి ఇచ్చేయండి.

నిలవ చేయడం, కరెంటు పోవడం

గాలి చొరబడని గాజు సీసా, దాన్ని ఫ్రిజ్‌లో పెట్టడం, ఇంతకన్నా మంచి దారి లేదు. అక్రూట్, పైన్ గింజలు అయితే డీప్ ఫ్రీజర్‌లోనే ఉంచండి. చిన్న చిన్న సీసాల్లో పెట్టుకుంటే ప్రతిసారీ అంతా తెరవక్కర్లేదు. ఫ్రిజ్ నుంచి తీసిన సీసాను వెంటనే తెరవకండి. చల్లటి పప్పు మీద చెన్నై గాలి తగిలిందంటే నీటి బిందువులు కమ్ముతాయి. మూత తీయకుండా బయట పెట్టి, సీసా చల్లదనం పోయాకే తెరవండి.

2023 డిసెంబరులో మిగ్జాం తుఫాను వచ్చినప్పుడు చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మూత బిగించిన ఎండు పప్పులకు భయం లేదు. నానబెట్టినవి, రుబ్బినవి, జీడిపప్పు పేస్టు మాత్రం పారేయాల్సిందే. ఇంట్లోకి వరద నీళ్లొచ్చి పప్పుల డబ్బా తడిసిందా, ఎంత ఖరీదైనదైనా వదిలేయండి. ఆ నీళ్లలో మురుగు కలిసి ఉంటుంది.

వండేటప్పుడు

కాజు కట్లీకి ఫ్రిజ్‌లోని జీడిపప్పును గది వేడికి వచ్చాకే మిక్సీలో వేయండి. ఆపి ఆపి తిప్పండి. ఒకే పట్టుగా తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది, తర్వాత పాకం ఎంత జాగ్రత్తగా పట్టినా కట్లీ జిడ్డుగానే వస్తుంది. జీడిపప్పును గ్రేవీకి నానబెడితే, ఈ ఊరి ఉక్కకు రాత్రంతా బయట వదలకండి, ఫ్రిజ్‌లో నానబెట్టండి.

వేయించడం సన్నటి సెగ మీద. పొయ్యి ఆపాక కూడా పప్పులోని నూనె వేడికి అవి వేగుతూనే ఉంటాయి, అందుకే కావలసిన రంగుకు ఒక మెట్టు ముందే తీసి పళ్లెంలో పోయాలి. మాడిన బాదంలో చేదుతో పాటు ఆక్రిలమైడ్ అనే అక్కర్లేని పదార్థం కూడా ఎక్కువవుతుంది.

ఈ మధ్య పండగ విందుల్లో బయటి దేశాల వంటలు కూడా ప్రయత్నిస్తున్నారు, సంతోషమే. ఇరాన్‌లో ఫెసెంజాన్ అని అక్రూట్ పొడిని దానిమ్మ పులుసుతో నూనె పైకి తేలేదాకా గంటల తరబడి సన్నగా ఉడికిస్తారు. అందులో అక్రూటే ప్రాణం కాబట్టి పాతది వేస్తే ఏ మసాలా కాపాడలేదు. పశ్చిమ ఆఫ్రికాలో మాఫే అనే పులుసులో వేరుశనగ ముద్ద అడుగంటుతుంది, మన గుత్తి వంకాయ పులుసు లాగే కలుపుతూ ఉండాలి. ఇటలీ పెస్తో పచ్చడిలో పైన్ గింజలు ఉడకవు, పచ్చిగానే నూరతారు. కొన్ని చైనా రకం పైన్ గింజలు తిన్న ఒకటి రెండు రోజులకు నోరంతా చేదుగా, ఇనుము నాకినట్టుగా ఉండి, రోజుల తరబడి అలాగే సాగుతుంది. దానికి మందు లేదు, అదే తగ్గుతుంది, కంగారు పడకండి.

ఇంటికొచ్చేవాళ్లను అడగండి

నట్స్ అలర్జీ మనవాళ్లకు ఉండదులే అనే మాట వినకండి. వేరుశనగ నిజానికి పప్పుధాన్యాల జాతి. అది పడనివాళ్లకు బాదం పడొచ్చు, పడకపోవచ్చు. జీడిపప్పు పడనివాళ్లకు పిస్తా కూడా పడకపోవడం చాలా మామూలు, రెండూ దగ్గరి జాతివి. వేయించినా ఉడికించినా అలర్జీ పోదు. గానుగ నూనెలో కూడా వేరుశనగ ప్రొటీన్ మిగిలి ఉండవచ్చు.

ప్యాకెట్ల మీద వేరుశనగ, ఇతర నట్స్ ఉన్నాయని రాయాలని మన ఆహార భద్రతా నియమాలు చెప్తాయి. విడిగా అమ్మే మిఠాయికి ఆ చీటీ ఉండదు. తెల్ల గ్రేవీల్లో జీడిపప్పు కనపడకుండా ఉంటుంది. బీచ్ దగ్గర బర్మా నూడుల్స్ అథో తినేముందు వేరుశనగ పొడి చల్లారా అని అడగండి. పక్కింటికి పంపే స్వీటు డబ్బా మీద అందులో ఏమేం వేశారో ఒక చిన్న కాగితం అంటించండి.

నాలుగైదేళ్లలోపు పిల్లలకు గుండు పప్పు ఇవ్వొద్దు, పొడి చేసి ఇవ్వండి. బాణసంచా చుట్టూ పరుగెత్తే పిల్లవాడి చేతిలో జీడిపప్పులు పెట్టడం మరీ ప్రమాదం. తింటూ ఉండగా ఒక్కసారి పొరబోయి, తర్వాత దగ్గు, పిల్లికూతలు ఆగకపోతే, పిల్లవాడు మామూలుగా ఆడుకుంటున్నా సరే ఆసుపత్రిలో చూపించండి. ముక్క ఊపిరి గొట్టంలో ఉండిపోయి ఉండవచ్చు. గొంతులో కనపడని ముక్క కోసం వేలు పెట్టి వెతకకండి, ఇంకా లోపలికి పోతుంది.

తిన్న కొద్దిసేపట్లో దద్దుర్లతో పాటు పెదవులు వాయడం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావలసింది తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్, అలర్జీ మాత్ర ఒక్కటీ సరిపోదు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచండి. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టండి, నడిపించకండి. తగ్గినట్టు అనిపించినా కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు, కాబట్టి డాక్టరు వెళ్లమనే దాకా ఆసుపత్రిలోనే ఉండండి.