మెయిల్ వెళ్లకపోతే ఏం చూడాలి, మనం పంపని మెయిల్ వెళ్లిపోతే ఏం చేయాలి

విశాఖలో డాబాగార్డెన్స్ నుంచి ఆటోనగర్ దాకా చిన్న చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూస్తుంటాను. ఎక్కువమంది పోర్టు పని మీద బతికేవాళ్లే: క్లియరింగ్ ఏజెంట్లు, లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్లు, స్పేర్ పార్ట్స్ షాపులు. పొద్దున్న 10 అయ్యేసరికి ఫోన్ మోగుతుంది, అందరిదీ ఒకటే మాట, "మెయిల్ పనిచేయట్లేదండీ". ఒంట్లో బాగోలేదు అన్నట్టుంటుంది అది, దాన్నిబట్టి ఏం చెప్పగలం? అందుకే నా దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చే కేసులు, వాటికి ఎక్కడ చెయ్యి పెట్టాలో రాసి పెడుతున్నాను.

సమస్య: మెయిల్ అవుట్‌బాక్స్‌లోనే కూర్చుంది, కదలట్లేదు

ముందు అటాచ్‌మెంట్ సైజు చూడండి. జీమెయిల్‌లో పరిమితి 25 ఎంబీ, నా ఫైలు 20 ఎంబీయే కదా అంటారు చాలామంది. మెయిల్‌లో ఫైలు ఉన్నది ఉన్నట్టు పోదండీ, అక్షరాల రూపంలోకి మారి పోతుంది, ఆ మార్పులో దాదాపు మూడో వంతు బరువు పెరుగుతుంది, అంటే మీ 20 కాస్తా 27 దగ్గరికి చేరుతుంది. బిల్ ఆఫ్ లేడింగ్‌ని (ఓడలో ఎక్కించిన సరుకు కాయితం) 600 డీపీఐ కలర్‌లో స్కాన్ చేసే కుర్రాడు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు, అతనికి 200 డీపీఐ, గ్రే పెట్టమని చెప్పండి, సగం కేసులు అక్కడే తీరిపోతాయి.

సైజు బాగానే ఉంటే ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి అదే మెయిల్ మళ్లీ పంపండి. ఇప్పుడు వెళ్లిందంటే కంప్యూటర్ మంచిదే, గొడవ ఆఫీసు లైన్‌లో ఉంది. పాత సెట్టింగుల్లో అవుట్‌గోయింగ్ పోర్టు (మెయిల్ బయటికెళ్లే దారి నంబరు) 25 అని ఉంటుంది, స్పామ్ బెడద వల్ల చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఆ దారి మూసేశాయి. 587 పెట్టి, సెక్యూరిటీ రకంలో స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకోండి, లేదా 465 పెట్టి ఎస్ఎస్ఎల్. (పోర్టు మూసేశారు అనగానే ఒకాయన కంగారుపడి ఎవరికో ఫోన్ కలపబోయాడు. ఆయన తప్పేం లేదు, విశాఖలో పోర్టు అంటే ఓడల పోర్టే.)

పాస్‌వర్డ్ కరెక్టే అయినా తప్పు అంటోందా? పాత మెయిల్ ప్రోగ్రాంల నుంచి మామూలు పాస్‌వర్డ్ ఇస్తే గూగుల్ ఒప్పుకోదు. అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు కూడా అడగడం) ఆన్ చేశాక యాప్ పాస్‌వర్డ్ అని 16 అక్షరాలది ఇస్తుంది, అది పెట్టండి.

సమస్య: ఏ సైట్ తెరిచినా "కనెక్షన్ సురక్షితం కాదు" అని ఎర్రగా వస్తోంది

కుడిపక్క కింద మూల తేదీ చూడండి. నూటికి నూరు పాళ్లు అని చెప్పను గానీ, ఒక్క కంప్యూటర్‌లోనే, అన్ని సైట్లకీ వస్తోందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. ఇది అసలు సైటే అని చెప్పే సర్టిఫికెట్లకి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువు ఉంటుంది, మీ కంప్యూటర్ ఇంకా 2015లో ఉన్నాననుకుంటే వాటినెందుకు నమ్ముతుంది? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్ 2032, అది అయిపోతే రాత్రి మెయిన్ స్విచ్ ఆపేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. సెల్ మార్చి తేదీ సరిచేయండి, సరిపోతుంది.

తేదీ సరిగ్గా ఉండి, లాడ్జి వైఫైలోనో స్టేషన్ వైఫైలోనో మాత్రమే వస్తుంటే వేరే సంగతి. బహుశా ఆ వైఫై లాగిన్ పేజీ అడ్డొస్తోంది. అది పూర్తిచేశాక కూడా వార్నింగ్ పోకపోతే "అయినా ముందుకెళ్లు" నొక్కకండి, ఫోన్ డేటా వాడుకోండి.

సమస్య: మా మెయిల్స్ అవతలివాళ్లకి స్పామ్‌లో పడుతున్నాయి

కంపెనీ పేరుతో సొంత డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) తీసుకున్నవాళ్ల బాధ ఇది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రూల్స్ గట్టి చేశాయి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు. మా క్లియరింగ్ వాళ్లకి నేను చెప్పే పద్ధతి ఇది: మన పేరు మీద ఏ లారీలు లోపలికి రావచ్చో గేటు దగ్గర ఇచ్చిన లిస్టు ఎస్‌పీఎఫ్. కంటైనర్ తలుపుకి వేసిన సీలు డీకిమ్, దారిలో ఎవరైనా కెలికితే తెలిసిపోతుంది. లిస్టులోనూ లేకుండా సీలూ సరిగ్గా లేకుండా వస్తే ఏం చేయాలో గేటువాళ్లకి మనం రాసిచ్చిన ఆర్డరు డీమార్క్.

మీ ఆఫీసు నుంచి మీ జీమెయిల్‌కే ఒక మెయిల్ పంపి, మూడు చుక్కల మెనూలో "షో ఒరిజినల్" నొక్కండి. మూడింటి పక్కనా పాస్ అని ఉందో ఫెయిల్ అని ఉందో కనిపిస్తుంది. నాకు ఎక్కువగా తగిలే తప్పు, ఒకే డొమైన్‌కి రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉండటం, పాతవాడు ఒకటి పెట్టి పోతే కొత్తవాడు ఇంకోటి పెట్టాడన్నమాట. రెండుంటే ఏదీ లెక్కలోకి రాదు, కలిపి ఒకటే చేయాలి.

సమస్య: మేం పంపని మెయిల్ మా పేరు మీద కస్టమర్‌కి వెళ్లింది

ఇక్కడ తొందరపడొద్దు, ముందు ఆ మెయిల్ తెప్పించుకుని పంపిన అడ్రస్ అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లీషు ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టి ఉంటే అది మీ మెయిల్ కాదు, మీలా కనిపించే ఇంకొకడిది. మీ అకౌంట్‌లో ఎవరూ దూరకపోయి ఉండొచ్చు, కస్టమర్లకి ఫోన్ చేసి హెచ్చరించడమే పని.

అడ్రస్ అచ్చంగా మీదే అయి, షో ఒరిజినల్‌లో అన్నీ పాస్ అని ఉంటే మాత్రం ఇంట్లో దొంగ ఉన్నట్టే.

గత వేసవిలో ఒక ఆఫీసులో ఇదే జరిగింది. "బ్యాంక్ అకౌంట్ మారింది, డబ్బు ఇందులో వేయండి" అని కస్టమర్లకి మెయిల్స్ వెళ్లాయి. యజమాని తెలివైనవాడే, వెంటనే పాస్‌వర్డ్ మార్చేశాడు. రెండు రోజులకి మళ్లీ ఫోన్, "బాబూ, పాస్‌వర్డ్ మార్చీసేను కదా, ఇంకేటి చెయ్యాలి?" వెళ్లి అవుట్‌లుక్‌లో రూల్స్ (వచ్చిన మెయిల్‌ని దానంతటదే ఏం చేయాలో చెప్పే సెట్టింగులు) తెరిచాను. ఒక రూల్ ఉంది, దాని పేరు ఒక చుక్క, అంతే, ఉత్త ఫుల్‌స్టాప్. ఇన్వాయిస్, పేమెంట్ అనే మాటలున్న మెయిల్ ఏదొచ్చినా బయట ఎవరికో కాపీ పంపి, చదివినట్టు గుర్తుపెట్టి, ఎవరూ తొంగిచూడని ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ ఫోల్డర్‌లో పడేయడం దాని పని. ఆ ఫోల్డర్ తెరిస్తే రాజమండ్రి కస్టమర్ రెండుసార్లు రాసిన మెయిల్ ఉంది, "అకౌంట్ నిజంగా మారిందాండీ?" అని. ఈయన పేరు మీదే "అవును" అని జవాబు కూడా వెళ్లిపోయింది.

పాస్‌వర్డ్ మారిస్తే రూల్ పోదు. తాళం మార్చాం గానీ గోడకి కన్నం అలాగే ఉంది. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: అనుమానం లేని వేరే కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి, తర్వాత రూల్స్, ఫార్వర్డింగ్, రికవరీ ఫోన్ నంబరు, పాత యాప్ పాస్‌వర్డులు, అకౌంట్‌కి కలిపిన బయటి యాప్‌లు ఒక్కొక్కటీ చూసి మీరు పెట్టనివి తీసేయండి, చివర్లో టూ స్టెప్ ఆన్ చేయండి. కస్టమర్లకి ఫోనే చేయండి, అదీ మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకే, మెయిల్‌లో ఇచ్చిన దానికి కాదు.

డబ్బు పోయిందని తేలితే పైవన్నీ పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఆ డబ్బు ఇంకో అకౌంట్‌కి దాటిపోకముందే ఆపించాలి, సాయంత్రం చూద్దాం అనుకునే పని కాదు.

సమస్య: వాట్సాప్‌లో నేను చదవని మెసేజ్‌లు చదివినట్టు ఉన్నాయి

ద్వారకానగర్‌లో జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం వాట్సాప్ వెబ్ తెరిచి, కాయితాలు తీసుకుని వచ్చేశారా? కారణం అదే అయ్యుండొచ్చు. 2016 నుంచి మెసేజ్‌లన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యే (మధ్యలో ఎవరూ చదవలేని రూపంలో) వెళ్తున్నాయి, కానీ మీరే తెరిచి వదిలేసిన స్క్రీన్‌ని ఏ ఎన్‌క్రిప్షన్ కాపాడుతుంది? ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి మీది కానిది లాగ్ అవుట్ చేయండి. పనిలో పనిగా టూ స్టెప్ పిన్ కూడా పెట్టేయండి, ఆరంకెలది.

సమస్య: తెలుగు మెయిల్ పిచ్చి గీతల్లా వచ్చింది

హ్యాకింగ్ కాదు, టెన్షన్ పడకండి. పంపినవాళ్లు డీటీపీ వాళ్ల పాత ఫాంట్‌లో టైప్ చేసింది అలాగే పేస్ట్ చేశారు, ఆ ఫాంట్ మీ దగ్గర లేదు. పీడీఎఫ్ చేసి పంపమనండి, లేదా ఏ కంప్యూటర్‌లోనైనా కనిపించే యూనికోడ్‌లో కొట్టమనండి. అలా వచ్చిన పెళ్లి శుభలేఖ చదివిపెట్టమని మాత్రం నన్ను పిలవకండి, నాకూ కనిపించేది అవే గీతలు.