దినదిన నూతన జీవితం – 4వ పాఠం: విడిచిన చోట ఏం ధరించాలి?

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం ఈపాటికి ఒక కాగితం రూపంలో మీ బైబిల్లో ఉండాలి. ప్రతి రాత్రి పడుకునే ముందు 139వ కీర్తన చివరి రెండు వచనాలు చదివి, "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని అడిగి, ఆ రోజు మనసుకు తగిలిన ఒక్క విషయం రాసుకోమని చెప్పాం. ఇంకా రాయనివాళ్లు ఇక్కడే ఆగి, ఒక వారం ఆ పని చేసి రండి. ఆ కాగితం లేకుండా చదివితే ఈ పాఠం చెవిన పడుతుందే గాని చేతికి రాదు.

రాసినవాళ్లకు ఇప్పుడొక ఇబ్బంది ఎదురై ఉంటుంది. కాగితంలో అదే మాట మళ్లీ మళ్లీ కనబడుతుంది. సోమవారం పిల్లల మీద అరిచాను, బుధవారం పిల్లల మీద అరిచాను, శుక్రవారమూ అదే. తప్పని తెలుసు, ఒప్పుకున్నాం, మళ్లీ చేశాం. చాలామంది విశ్వాసుల ఎదుగుదల సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది. ఉజ్జీవ సభలకు వెళ్తాం, కన్నీళ్లతో తీర్మానం చేసుకుంటాం, కొన్నాళ్లు బాగుంటుంది. ఆ తర్వాత పాత కోపం, పాత మాట, పాత లెక్కలు తిరిగొస్తాయి. సభలు వద్దని నేననను. ఆ రాత్రుల్లో దేవుడు తట్టి లేపినవాళ్లు మన ఒంగోలు, కావలి, కందుకూరు ప్రాంతాల సంఘాల్లో ఎందరో ఉన్నారు. కాని సభ ముగిసిన మర్నాడు పొద్దున వంటింట్లో, పొలంలో, ఆఫీసులో ఏం చేయాలో మనకు ఎవరో ఒకరు నేర్పాలి. పౌలు నేర్పాడు.

ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం, 22 నుంచి 32 వరకు తీయండి. మొదటిసారి మామూలుగా చదవండి. రెండోసారి పెన్సిలు పట్టుకుని, బయటికి వినబడేలా చదవండి.

22 నుంచి 24 వరకు మూడు పనులున్నాయి. పాత స్వభావాన్ని వదులుకోవడం, మనసు నూతనం కావడం, నవీన స్వభావాన్ని ధరించడం. ఇది ఎవరైనా ప్రసంగంలో చెప్పే మాటే. అయితే పౌలు అక్కడితో ఆపడు. 25వ వచనం నుంచి మన ఇళ్లల్లోకి వచ్చేస్తాడు. అబద్ధమాడడం మానండి, సత్యమే మాట్లాడండి, ఎందుకంటే మనం ఒకరికొకరం అవయవాలమై ఉన్నాం. 29లో నోటి నుంచి దుర్భాష రానియ్యకండి, వినేవాళ్లకు మేలు కలిగే మాట మాట్లాడండి. 31లో ద్వేషం, కోపం, క్రోధం, అల్లరి, దూషణ విసర్జించండి. 32లో దయ, కరుణ, క్షమాపణ, క్రీస్తునందు దేవుడు మిమ్మల్ని క్షమించిన ప్రకారం.

దాదాపు ప్రతిచోటా మూడు సంగతులు కలిసే వస్తున్నాయి. విడవాల్సింది ఒకటి, దాని చోట ధరించాల్సింది ఒకటి, ఎందుకు అనే కారణం ఒకటి. విడవాల్సిన దాని పక్కన సున్నా, ధరించాల్సిన దాని పక్కన కూడిక గుర్తు, కారణం కింద గీత పెట్టండి. ఈ గుర్తులు వచ్చే పాఠాల్లోనూ వాడతాం.

అన్నిటికంటే స్పష్టంగా కనబడేది 28వ వచనం. అక్కడ మాత్రం కాసేపు కూర్చోవాలి. దొంగతనం చేసేవాడు ఇక దొంగిలించకూడదు. ఇది విడవడం. మనలో చాలామందిమి అయితే ఇక్కడే సాక్ష్యం చెప్పించి చప్పట్లు కొట్టేస్తాం. పౌలుకు అది చాలదు. తన చేతులతో మంచి పని చేసి కష్టపడాలి అంటాడు. ఎందుకు? తన కడుపు నింపుకోవడానికి మాత్రమే కాదు, అక్కరలో ఉన్నవాడికి పంచిపెట్టడానికి వీలు కలగాలని. ఇన్నాళ్లూ ఇంకొకరి జేబులోకి వెళ్లిన చెయ్యి, ఇప్పుడు ఇంకొకరి అవసరం వైపు చాచుకోవాలి. పనిలేకుండా ఖాళీగా కూర్చున్న దొంగ ఆ పూట దొంగతనం చేయకపోవచ్చు, అంతమాత్రాన మారినట్టు కాదు. ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మారాడు. మన కాగితంలో అదే మాట పదేపదే రావడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. విడవాలని తీర్మానించుకున్నాం, ఆ ఖాళీ చోటులో ఏమీ పెట్టలేదు.

ఇక కారణం సంగతి. మన జిల్లా చరిత్రలోనే దీనికి ఒక గట్టి ఉదాహరణ ఉంది. 1876 నుంచి 1878 వరకు వచ్చిన మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. అదే సమయంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం, గింజల కోసం జనం క్రీస్తు పేరు చెప్పుకోకూడదని ఆయన పట్టుదల. బాప్తిస్మం ఇమ్మని గుంపులుగా అడుగుతున్నవాళ్లను ఆపడం ఎంత కష్టమో సంఘం నడిపేవాళ్లకు తెలుసు. సాయం చివరికొచ్చాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మనందరికీ తెలుసు, వార్షికోత్సవాల్లో గర్వంగా చెప్పుకుంటాం. నా మటుకు నాకు ఆ అంకె కంటే, దానికి ముందు ఆయన చేయించిన ఆ ఎదురుచూపే ఎక్కువ నేర్పుతుంది. ఎందుకు చేస్తున్నామన్నది తేలకుండా చేసింది నిలబడదు.

మన అభ్యాసంలో కూడా అంతే. కోపం ఎందుకు మానాలి? నలుగురూ ఏమనుకుంటారోనని అయితే, నలుగురూ లేని చోట అది తిరిగొస్తుంది. బీపీ పెరుగుతుందని అయితే అది మంచి కారణమే, డాక్టరు మాట వినండి, కాని పౌలు చెప్పే కారణం అది కాదు. క్రీస్తులో నేను క్షమించబడ్డాను కాబట్టి. మనసు నూతనం కావడం జరిగేది ఈ కారణం దగ్గరే. చెయ్యి మార్చుకోవడం మన ప్రయత్నంలా కనబడుతుంది, కారణం మారడం మాత్రం వాక్యం లోపలికి దిగితేనే జరుగుతుంది.

ఇప్పుడు చేసి చూద్దాం. మీ కాగితంలో ఎక్కువసార్లు వచ్చిన మాట ఒక్కటి ఎంచుకోండి. ఒక్కటే. పది ఎంచుకుంటే ఏదీ జరగదు. తర్వాత దాన్ని ఇంకా వివరంగా రాయండి. పొగాకు గ్రేడింగు చేసే ఆడవాళ్లు మండె, అంటే ఆకుల కుప్ప, మొత్తం చూసి బాగాలేదని పక్కన పడేయరు గదా, ఒక్కో ఆకు చేతిలోకి తీసుకుని రంగూ మచ్చా చూసి వేరు చేస్తారు. మనమూ అలాగే చూడాలి. "నాకు కోపం ఎక్కువ" అంటే మండె మొత్తం. "సాయంత్రం పనికాడి నుంచి వచ్చి, పిల్లాడు హోంవర్కు చేయలేదని తెలిసిన క్షణంలో అరుస్తున్నాను" అంటే ఆకు చేతిలో ఉన్నట్టు. ఏ సమయం, ఎవరి మీద, ఏ మాట అన్నది ఉండాలి.

దాని పక్కన, ఆ సమయంలోనే, ఆ మనిషి పట్లనే చేయగలిగింది రాయండి. "ఓపిక పడతాను" అని రాయకండి, ఓపిక అనేది చేతితో చేసే పని కాదు. "ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, వాడి పక్కన పది నిమిషాలు కూర్చుని, ఇవాళ బళ్లో ఏం జరిగిందని అడుగుతాను, ఆ తర్వాతే హోంవర్కు" అని రాయండి. ఇక మూడోది, కారణం. 32వ వచనం రాసుకోవచ్చు. కంఠస్థం చేయండి, ఆ వాకిట్లో చెప్పులు విడుస్తున్నప్పుడే గుర్తొచ్చేలా.

ఇంకో ఉదాహరణ. నిమ్మతోటో, పొగాకో ఉన్న ఒక విశ్వాసి కూలీలకు ఆలస్యంగా డబ్బులిస్తున్నాడనుకుందాం. "రేపు రాండి, ఎల్లుండి రాండి" అంటూ తిప్పుకుంటాడు. ఆదివారం మందిరంలో ముందు వరుసలో కూర్చుంటాడు. ఆయన కాగితం మీద "ఇక తిప్పను" అని రాసుకుంటే సరిపోదు. పని ముగిసిన సాయంత్రమే, గట్టు మీదే, ఎవరి కూలి వాళ్ల చేతిలో పెట్టాలి. కారణానికి యాకోబు 5:4 చదవాలి, బిగపట్టిన కూలి మొరపెడుతోందని, ఆ కేకలు ప్రభువు చెవుల్లో పడ్డాయని అక్కడుంది. పాత బాకీ ఉంటే అది కూడా తీర్చాలి. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, లూకా 19:8. ఆ రోజే ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు ప్రభువు పలికాడు. డబ్బు దగ్గరికి రాని నూతనత్వాన్ని నేను నమ్మలేను.

నాలుక గురించి ఒక హెచ్చరిక. "ఏంది వదినా, వాళ్ల అమ్మాయి సంగతి తెలిసిందా?" అని మొదలైన మాటను, "అయ్యో, ఆ బిడ్డ కోసం ప్రార్థన చేద్దాం, ఫలానా అక్కకి కూడా చెప్పు" అని మార్చుకుంటే దాన్ని ధరించడం అనరు. అదే మాట ప్రార్థన పేరుతో ఇంకో నాలుగిళ్లకు చేరింది, అంతే. ధరించడం అంటే ఆ ఇంటికి వెళ్లి ఆ తల్లి దగ్గర కూర్చోవడం, అవసరమైంది చేయడం, బయటికొచ్చాక ఎవరికీ చెప్పకపోవడం.

మరొకటి తప్పక చెప్పాలి. ఇంట్లో దెబ్బలు తింటున్న అక్కాచెల్లెళ్లు ఈ కాగితం మీద "నాకు సహనం తక్కువ" అని రాసుకుంటుంటారు. అమ్మా, అది మీరు విడవాల్సిన పాపం కాదు. క్షమించడం అంటే దెబ్బలు దాచిపెట్టడం కాదు. నమ్మకమైన పెద్దలకు చెప్పండి, అవసరమైతే పోలీసులకు చెప్పండి. అలాగే నిద్ర పట్టక, ఏడుపు ఆగక, దేనిమీదా ఆసక్తి లేక వారాలు గడుస్తుంటే దాన్ని విశ్వాస లోపమని రాసుకోకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి, సంఘం మీ కోసం ప్రార్థిస్తుంది.

ఈ వారం మళ్లీ పడిపోతే? పడతారు. 1 యోహాను 1:9 తీసి చదవండి, ఆ రాత్రే ఒప్పుకోండి, పొద్దున మళ్లీ అదే మూడు వాక్యాలు చదువుకుని లేవండి. దేవుని వాత్సల్యం అనుదినం నూతనంగా పుడుతుందని విలాపవాక్యములు 3:23 చెబుతోంది, మనకు కావాల్సింది అదే. ఒక్క విషయం మరిచిపోకండి. ఎఫెసీ పత్రికలో ఈ 4వ అధ్యాయం కంటే ముందు 2వ అధ్యాయం ఉంది. కృపచేత రక్షించబడ్డాం, ఆ తర్వాతే సత్క్రియలు. ఈ కాగితం పెట్టి దేవుని ప్రేమను కొనుక్కోవాలని చూడకండి, అది ముందే ఇచ్చేశాడు.

మార్పు కనబడక నిరుత్సాహపడేవాళ్లు ఒంగోలులోని ప్రార్థన కొండ కథ గుర్తుచేసుకోవాలి. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్ మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. క్లౌ ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. ఆ మధ్య పన్నెండేళ్లూ వాళ్ల ప్రార్థనకు కంటికి కనబడిన జవాబు పెద్దగా లేదు. మీ పిల్లవాడి హోంవర్కు దగ్గర మీ గొంతు మారడానికి పన్నెండేళ్లు పట్టదు గాని, పన్నెండు రోజుల్లో మారలేదని కాగితం చింపేయకండి.

ఈ వారం పని: ఎంచుకున్న ఒక్క విషయానికి మూడు వాక్యాలు రాసి, బైబిల్లో ఎఫెసీ 4 దగ్గర పెట్టండి. పొద్దున ఒకసారి, ఆ సమయం రాబోయే ముందు ఒకసారి చదవండి. రాత్రి పరిశోధన మామూలుగానే. మీరు నమ్మే ఒక్క మనిషికి, భర్తో, భార్యో, స్నేహితుడో, ఆ కాగితం చూపించి, శనివారం ఎలా జరిగిందని అడగమని చెప్పండి.

5వ పాఠంలో ఈ పనిని కుటుంబ ప్రార్థనలోకి ఎలా తీసుకురావాలో, పిల్లల ముందు తల్లిదండ్రులు క్షమాపణ అడగడం గురించి నేర్చుకుంటాం. దానికోసం కొలొస్సయులకు 3:1–17 చదివి, అక్కడా సున్నా, కూడిక, గీత పెట్టి ఉంచుకోండి.