టెక్సస్‌లో ఇంటికి జనరేటర్ కనెక్షన్: పర్మిట్ దరఖాస్తు ఎలా చేయాలి

2021 ఫిబ్రవరి మంచు తుఫానుకు టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. 2024 జులై 8న బెరిల్ హరికేన్ వచ్చినప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల 22 లక్షలకు పైగా కనెక్షన్లు ఆగిపోయాయి. అప్పటినుంచి మనవాళ్ల ఇళ్లలో జనరేటర్ మాట తరచుగా వినిపిస్తోంది. జనరేటర్ కొనడం ఒక్కపూట పని. దాన్ని ఇంటి వైరింగ్‌కు కలపడానికి మాత్రం, మీరు సిటీ పరిధిలో ఉండి, మీ సిటీ అడుగుతుంటే, ముందుగా ఎలక్ట్రికల్ పర్మిట్ తీసుకోవాలి. ఎక్స్‌టెన్షన్ తీగతో ఫ్రిజ్ ఒక్కటే నడుపుకుంటే పర్మిట్ అక్కర్లేదు. ఇంటి బ్రేకర్లుండే ప్యానెల్ జోలికి వెళితేనే ఈ విధానం వర్తిస్తుంది.

ఇంత తతంగం ఎందుకో ముందు చెప్పాలి. ఊళ్లో పెరిగినవాళ్లకు చేంజోవర్ స్విచ్ కొత్త కాదు. పిడి ఒకవైపు వేస్తే లైను కరెంటు, ఇంకోవైపు వేస్తే జనరేటర్. రెండూ ఎప్పటికీ కలవవు. ఇక్కడ ట్రాన్స్‌ఫర్ స్విచ్ అనేది దాన్నే. అది లేకుండా, రెండు చివరలా మేల్ ప్లగ్గు ఉన్న తీగను డ్రయ్యర్ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించుకునేవాళ్లు ఉన్నారు. అప్పుడు జనరేటర్ ఇచ్చే 240 వోల్టులు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళతాయి. ట్రాన్స్‌ఫార్మర్ వాటిని వేల వోల్టులుగా పెంచి పైలైనుకు ఎక్కిస్తుంది. ఆ లైను చచ్చిపోయి ఉందనుకుని తీగ సరిచేసే లైన్‌మన్ ప్రాణం మీద పడుతుంది. దయచేసి ఆ తీగ ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు. మెయిన్ బ్రేకర్ ఆపి చేస్తాం కదా అనే మాట నమ్మదగ్గది కాదు. చీకట్లో, కంగారులో, ఇంట్లో ఇంకెవరో బ్రేకర్ వేస్తే అంతే.

దరఖాస్తు పెట్టేముందు మీది ఏ పద్ధతో తేల్చుకోండి. మొదటిది పోర్టబుల్ జనరేటర్. ఇంటి బయటి గోడకు జనరేటర్ తీగ గుచ్చే ఇన్‌లెట్ పెట్టె బిగించి, ప్యానెల్‌లో ఇంటర్‌లాక్ కిట్ గానీ చేత్తో వేసే ట్రాన్స్‌ఫర్ స్విచ్ గానీ పెడతారు. ఇంటర్‌లాక్ అంటే ఒక రేకు ముక్క. మెయిన్ బ్రేకర్ ఆపితే తప్ప జనరేటర్ బ్రేకర్‌ను వేయనివ్వదు. నాలుగు పిన్నుల 30 ఆంపియర్ల ఇన్‌లెట్ మీద 7,200 వాట్ల దాకా లాగొచ్చు. ఫ్రిజ్, లైట్లు, ఫర్నేస్ ఫ్యాను, ఇంటర్నెట్ హాయిగా నడుస్తాయి. పెద్ద ఏసీ మీద ఆశ పెట్టుకోవద్దు. రెండోది సహజవాయువుతో నడిచే స్టాండ్‌బై జనరేటర్. కరెంటు పోగానే తనంతట తానే అందుకుంటుంది. ఖర్చు చాలా ఎక్కువ, కాగితాలూ ఎక్కువే. నన్నడిగితే చాలా కుటుంబాలకు మొదటిదే సరిపోతుంది.

పర్మిట్‌ను మామూలుగా ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే తీసుకుంటారు. రాష్ట్రంలో వాళ్లకు లైసెన్సు ఇచ్చేది టీడీఎల్ఆర్, అంటే టెక్సస్ లైసెన్సింగ్, రెగ్యులేషన్ శాఖ. ఆ శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి లైసెన్సు చెల్లుతోందో లేదో మీరే చూసుకోవచ్చు. కాంట్రాక్టర్ ఇచ్చే కొటేషన్ మీద టీఈసీఎల్ అనే కాంట్రాక్టర్ లైసెన్సు నంబరు లేకపోతే అక్కడితో మాట ఆపేయండి. సొంత ఇంట్లో తానే ఉంటున్న యజమాని పని తానే చేసుకోవడానికి రాష్ట్ర చట్టంలో మినహాయింపు ఉంది. కానీ సిటీ ఆర్డినెన్సు వేరేగా చెబితే అదే నెగ్గుతుంది. అందుకే ముందు పర్మిట్ ఆఫీసును అడగండి. "పర్మిట్ మీ పేరుతో తీసుకోండి, పని మేం చేస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రేపు ఏదైనా జరిగితే బాధ్యత మొత్తం మీ మీదే ఉంటుంది.

హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే సిటీ కంటే ముందు అక్కడ దరఖాస్తు పెట్టండి. ఈ విషయంలో మనవాళ్లు అనవసరంగా భయపడుతుంటారు. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 202.019 సెక్షన్ 2015 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం స్టాండ్‌బై జనరేటర్‌ను హెచ్ఓఏ పూర్తిగా నిషేధించడానికి వీల్లేదు. అయితే ఆ రక్షణ పొందాలంటే జనరేటర్ కనీసం 7 కిలోవాట్లది అయి ఉండాలి, తయారీదారు ఇచ్చిన శబ్దం తగ్గించే పెట్టెలో ఉండాలి, ట్రాన్స్‌ఫర్ స్విచ్ ద్వారా మెయిన్ ప్యానెల్‌కు కలిసి ఉండాలి. వీధిలోంచి కనబడితే మొక్కలో కంచో అడ్డం పెట్టమని హెచ్ఓఏ అనవచ్చు. పరీక్ష కోసం నడిపే వేళలను కూడా సమంజసంగా నిర్ణయించవచ్చు. ఫలానా చోటే పెట్టాలని పట్టుబట్టినందువల్ల జనరేటర్ బిగించే ఖర్చు 10 శాతం కంటే, కరెంటు, గ్యాసు లైన్లు కలిపే ఖర్చు 20 శాతం కంటే పెరిగితే ఆ షరతు చెల్లదు. మామూలు బయటి పనులకు అడిగే వివరాల కంటే ఎక్కువ అడగకూడదు. తిరస్కరిస్తూ ఉత్తరం వస్తే ఈ సెక్షన్ నంబరు రాసి జవాబివ్వండి. పోర్టబుల్ జనరేటర్‌కు ఈ చట్టం వర్తించదని మాత్రం మరచిపోవద్దు.

ఇక సిటీ దరఖాస్తు. చాలా సిటీల్లో ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. స్టాండ్‌బై యంత్రానికి సాధారణంగా అడిగేవి ఇవి: ఇంటి స్థలం గీసిన ప్లాటు ప్లాను, అందులో జనరేటర్ చోటు, కిటికీలకూ తలుపులకూ కంచెకూ ఎంత దూరమో కొలతలు, వైరింగ్ ఎలా వెళుతుందో చూపే ఒకే గీత డయాగ్రం, జనరేటర్, ట్రాన్స్‌ఫర్ స్విచ్ తయారీదారు పత్రాలు, ఇంటి లోడు లెక్క. ఎక్కువ దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఈ ప్లాటు ప్లాను దగ్గరే. కిటికీలకు కనీసం 5 అడుగులు వదలాలన్నది మామూలు నియమం. పక్కింటి కంచెకు ఎంత వదలాలో సిటీ చెబుతుంది. లోడు లెక్క కూడా ముఖ్యమే. తనంతట తానే మారే స్విచ్ పెట్టినప్పుడు, దానికి కలిపిన లోడు మొత్తాన్నీ జనరేటర్ మోయగలగాలి. లేదా ఏసీ లాంటివాటిని ఆపేసే లోడు షెడ్డింగ్ పరికరం ఉండాలి. పోర్టబుల్ కనెక్షన్‌కు ఇన్ని కాగితాలు ఉండవు. ఇన్‌లెట్, ఇంటర్‌లాక్ వివరాలతో చాలాచోట్ల పనైపోతుంది.

గ్యాసు లైనుకు వేరే ప్లంబింగ్ పర్మిట్, లైసెన్సు ఉన్న ప్లంబర్ కావాలి. 22 కిలోవాట్ల యంత్రం పూర్తి లోడు మీద గంటకు 3 లక్షల బీటీయూలకు (వేడిని కొలిచే యూనిట్) పైగా గ్యాసు తాగుతుంది. ఇప్పుడున్న మీటరు చాలకపోతే గ్యాసు కంపెనీకి దరఖాస్తు పెట్టి పెద్దది వేయించుకోవాలి. దానికి వారాలు పట్టవచ్చు కాబట్టి మొదటిరోజే మొదలుపెట్టండి. నేల తవ్వాలంటే కనీసం రెండు పనిదినాల ముందు, భూమిలోని లైన్లను గుర్తుపెట్టించే 811 నంబరుకు ఫోన్ చేయాలి.

ఊరి పరిధికి బయట, కౌంటీలో ఉండే ఇళ్లకు సిటీ పర్మిట్ ఉండదు. అక్కడ కౌంటీ ఆఫీసును అడగండి. ముంపు ప్రాంతమైతే జనరేటర్ ఎంత ఎత్తున పెట్టాలో కూడా చెబుతారు.

పని పూర్తయ్యాక సిటీ నుంచి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు ప్యానెల్ తెరిచి చూస్తారు. ఇంటర్‌లాక్ మీ ప్యానెల్ మోడల్‌కు తయారైనదే అయి ఉండాలి. చేత్తో కోసిన రేకు పనికిరాదు. జనరేటర్ బ్రేకర్ ఊడిరాకుండా బిగించి ఉండాలి. ఇంట్లో ఇంకో విద్యుత్ వనరు ఉందనీ అది ఎక్కడుందో చెప్పే బోర్డు మెయిన్ దగ్గర ఉండాలి. స్టాండ్‌బైకి ఇంటి బయట అందేచోట ఆపే స్విచ్ ఉండాలి. పోర్టబుల్‌లో న్యూట్రల్ ఫ్రేముకు కలిపి ఉంటే ఇంటికి తగిలించగానే జనరేటర్‌లోని జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే ఆపేసే రక్షణ పరికరం) ట్రిప్ కావచ్చు. ఇది కొనేముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడుకోవాల్సిన సంగతి. సోలార్ ప్యానెళ్లు ఉన్నవాళ్లు ఆ మాట దరఖాస్తులోనే చెప్పాలి. ఇన్వర్టర్, జనరేటర్ ఒకదానికొకటి ఎదురుపడకుండా డిజైన్ మారుతుంది.

ఫైనల్ ఇన్‌స్పెక్షన్ పాస్ అయిన కాగితాన్ని భద్రపరచుకోండి. ఇల్లు అమ్మేటప్పుడు అడుగుతారు. పోర్టబుల్‌ను ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ ఇంటివైపు రాకుండా పెట్టాలి. తలుపు తెరిచి ఉన్నా సరే, గరాజ్‌లో నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, 2021లో ఆ వాయువు కూడా ప్రాణాలు తీసింది. పడకగదుల దగ్గర బ్యాటరీతో నడిచే అలారం పెట్టి, ప్యానెల్ తలుపు లోపల ఇలా తెలుగులో రాసి అంటించండి: ముందు మెయిన్ ఆపు, జనరేటర్ స్టార్ట్ చెయ్యి, తర్వాతే జనరేటర్ బ్రేకర్ వెయ్యి. ఇంటికి వచ్చిన అమ్మానాన్నలు కూడా చదువుకోగలగాలి.