పింగాణీ మగ్గులో నెర్రెల మరక వదిలిన తీరు

నా సేకరణలోని ఒక పాత పింగాణీ మగ్గు లోపలి మెరుపు పూత వెంట్రుకల్లాంటి సన్నని నెర్రెలు పట్టి, వాటిలోకి టీ రంగు దిగి, గోధుమరంగు వలలా కనిపించేది. వంటసోడా ముద్దతో మెల్లగా రుద్దితే పైమరక పోయింది గాని నెర్రెల్లోని రంగు కదలలేదు. క్లోరిన్ బ్లీచ్ జోలికి నేను పోలేదు. దాని లవణాలు లోపలి మట్టిలో చేరితే, ఆరిన తరువాత పూతను పెచ్చులుగా లేపగలవు. అందుకే మగ్గును ఒక రోజు మంచినీటిలో నానబెట్టి, ఆపైన రంగు పోగొట్టే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, మగ్గుకున్న ముచ్చటైన బంగారు అంచుకు తగలకుండా పోసి, మూత వదులుగా పెట్టి, ద్రావణాన్ని రోజూ మారుస్తూ పోగా, నాలుగో రోజుకు వల దాదాపు మాయమైంది. తరువాత బాగా కడిగి, వారం రోజులు నీడన ఆరబెట్టాను. పాత పూతల్లో సీసం ఉండవచ్చు కనుక అందులో ఏమీ తాగను. పిడి మీద బరువు పడకుండా, కొక్కేనికి తగిలించక, అరలోనే నిలబెట్టాను.