సరిహద్దు నాయకుడి కాలపట్టిక – 3వ పాఠం: ఆ రోజు ఆ నేల ఎవరిది?

గత పాఠంలో అమెరికా సరిహద్దు నాయకుడు, టెనెసీ గవర్నర్‌గా చేసిన జాన్ సెవియర్ (1745–1815) జీవితానికి మూడు నిలువు వరసల పట్టిక గీశాం: తేదీ, పదవి, చోటు. ఈసారి నాలుగో వరస కలపాలి: ‘ఆ రోజు ఆ నేల ఎవరి ఏలుబడిలో ఉంది?’ అప్పలాచియన్ కొండలకు పడమట ఎదిగిన నాయకుల గురించి రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. నేటి రాష్ట్రం పేరు తెచ్చి నాటి తేదీ పక్కన పెట్టేస్తారు.

ముందు మనిషిని వదిలేసి, నేల చరిత్ర పెన్సిలుతో రాసుకోండి. నేటి తూర్పు టెనెసీ అప్పుడు ఉత్తర కరోలినాలో భాగం. 1784 ఏప్రిల్‌లో ఆ రాష్ట్రం తన పడమటి భూములను కాంగ్రెస్‌కు (అమెరికా జాతీయ చట్టసభకు) వదులుకుంది. ఏడాది తిరక్కుండానే ఆ చట్టాన్ని తానే రద్దు చేసుకుంది. ఈలోగా ఆగస్టులో జోన్స్‌బరోలో సమావేశమైన స్థానికులు విడిపోదామని తీర్మానించారు. ఫ్రాంక్లిన్ రాష్ట్రం అలా పుట్టింది. 1789 చివర ఉత్తర కరోలినా మళ్లీ వదులుకుంది. 1790 మేలో అది నైరుతి టెరిటరీ (ఇంకా రాష్ట్రం కాని, జాతీయ ప్రభుత్వం ఏలే ప్రాంతం), 1796 జూన్ 1న టెనెసీ రాష్ట్రం.

ఇప్పుడు సెవియర్‌ను పట్టికలోకి దించండి.

1785–88 మధ్య ఒక్క పేరుతో సరిపెట్టకండి. ఫ్రాంక్లిన్, ఉత్తర కరోలినా రెండూ అక్కడ కోర్టులు నడిపాయి. రెండు పేర్లూ రాసి మధ్యన అడ్డగీత పెట్టండి. 1785 మేలో ఫ్రాంక్లిన్‌ను రాష్ట్రంగా చేర్చుకోమని కాంగ్రెస్ ముందుకు వెళ్లిన అర్జీకి 7 రాష్ట్రాలు మద్దతిచ్చాయి, కావలసింది 9. అందుకే పదవి వరసలో ‘గవర్నర్, ఫ్రాంక్లిన్ (గుర్తింపు లేదు)’ అనాలి. ‘టెనెసీ గవర్నర్, 1785’ అని రాస్తే 1788 అక్టోబరులో ఆయన్ని దేశద్రోహం కింద ఎందుకు పట్టుకున్నారో అంతుపట్టదు. ఆ నేరం ఉత్తర కరోలినా లెక్కలోనే నేరం. చిత్రమేమిటంటే, మరుసటి ఏడాదే అదే ఉత్తర కరోలినా సెనేట్‌లో ఆయన కూర్చున్నాడు!

1790 జూన్ దగ్గర ఇంకో మెలిక. ఆయన ఉత్తర కరోలినా తరఫున ప్రతినిధుల సభలో అడుగుపెట్టేటప్పటికి ఆయన ఊరు ఆ రాష్ట్రంలో లేదు. పదవి వరసలో ఉత్తర కరోలినా, నాలుగో వరసలో నైరుతి టెరిటరీ. రెండూ కలవలేదని దిద్దకండి.

పదవీకాలం లెక్క కూడా చూడండి. టెనెసీ గవర్నర్‌గా మొదటి విడత 1796 మార్చి 30న మొదలైంది, అంటే రాష్ట్రాన్ని యూనియన్‌లో (అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో) చేర్చుకోవడానికి రెండు నెలల ముందే. రెండేళ్ల పదవి మూడుసార్లు కదా అని ఆరేళ్లు వేస్తే తప్పు. మొదటి పదవి 1797 సెప్టెంబరు దాకానే. 1801 సెప్టెంబరుకు మొత్తం ఐదున్నరేళ్లే అవుతాయి. ఎనిమిదేళ్లలో ఆరేళ్లు మించకూడదని టెనెసీ రాజ్యాంగం నిబంధన, ఇంకో రెండేళ్లు కలిస్తే ఆ హద్దు దాటుతుంది, అందుకే మధ్యలో ఆర్చిబాల్డ్ రోన్ గవర్నర్‌గా వచ్చాడు. 1803 నుంచి 1809 దాకా మళ్లీ సెవియరే.

అభ్యాసం: 1815 సెప్టెంబరు 24న, క్రీక్ ప్రజల (అక్కడి ఆదివాసుల) నుంచి 1814 ఒడంబడికతో తీసుకున్న భూముల హద్దులు కొలిచే పనిలో ఉండగా సెవియర్ చనిపోయాడు. ఆ చోటు నేటి అలబామాలో ఉంది. నాలుగో వరసలో ఏం రాస్తారు? అలబామా టెరిటరీ ఏర్పడింది 1817లో అని మరవకండి. జవాబు 4వ పాఠం మొదట్లో.